పద్నాలుగో నంబరు చోట్లో బెర్నిస్ కుర్చీ

వాల్టర్ జెలెంకో తన ఇంటిని మూడు వందల డాలర్లకు నలభై ఏళ్లు కట్టేశాడు. కట్టేసినట్టు వాడికి తెలియదు. పైగా కంపెనీవాళ్లకు తానే టోపీ పెట్టానని ఆ వసంతమంతా వీధిలో ఛాతీ విరుచుకుని తిరిగాడు.

మా ఊరు కార్విక్, నది మలుపులో ఉంటుంది. ఉక్కు మిల్లు మూతపడి చాలా కాలమైంది. కొండవాలు ఇళ్లు మాత్రం మిగిలాయి. ఈస్టరుకు ముందు శుక్రవారాల్లో ఊరంతా ఫైర్ స్టేషన్ హాల్లో కూర్చుని వేయించిన చేప తింటాం. ఆ చేపల వాసనకే వచ్చాడు, ఇళ్లు అమ్మిపెట్టే గుడ్‌లాచ్ కంపెనీ కుర్రాడు. టై కట్టుకుని, మా పక్కనే కూర్చుని, రెండు ప్లేట్లు లాగించి, వంటచేసిన గస్ చేతిని ముద్దుపెట్టుకున్నంత పని చేశాడు. తర్వాత వాల్టర్ వైపు తిరిగాడు.

"మీరెప్పుడైనా ఇల్లు అమ్మాలనుకుంటే మా చేతనే అమ్మించండి సార్. ఆ ఒక్క మాట ఇవ్వండి. ఇప్పుడే, ఇక్కడే మూడు వందలు."

"అమ్మకపోతే?"

"అమ్మకపోతే ఏముంది సార్, డబ్బు మీదే."

వాల్టర్ పుట్టింది ఆ ఇంట్లో. వాళ్ల నాన్న పోయింది ఆ ఇంట్లో. ఇల్లు అమ్మడమంటే వాడి దృష్టిలో మోకాలిచిప్ప అమ్మడం లాంటిది. అసలు అమ్మనే అమ్మని ఇంటికి, అమ్మితే నీ చేతే అమ్మిస్తానని మాటిస్తే డబ్బులిస్తానంటున్నాడు వీడెవడో వెర్రివాడు. కుర్రాడు ముందుకు చాచిన పలక లాంటి గాజుతెర మీద చేపనూనె కారుతున్న వేలితో గీశాడు సంతకం. ఎన్ని పేజీలున్నాయో కూడా చూడలేదు. మా లోయలో వాడి లాంటివాళ్లు ఇంకా చాలామందే గీశారు. అందరిదీ ఒకటే లెక్క: అమ్మేవాడెవడు గనక.

ఆ డబ్బుతో మంచు ఊదే పాత యంత్రం ఒకటి కొన్నాడు. అది ఒక్క చలికాలం పనిచేసి, ఎదురింటి ఐరీన్ కిటికీలోకి ఒక రాయి విసిరి చచ్చిపోయింది. వాల్టర్ మళ్లీ పార పట్టాడు.

ఇక బెర్నిస్ సంగతి. బెర్నిస్ స్కూలు బస్సు నడుపుతుంది. ఇరవై ఏళ్లు మొగుడింట్లో కాపురం చేసింది. మొగుడు పోయాడు. ఇంటి దస్తావేజులో ఈమె పేరు లేదు. మొగుడి మొదటి పెళ్లాం కొడుకులు వచ్చి, మర్యాదగానే, బయటికి పంపించారు. రెండు సంచులు, ఒక వంటింటి కుర్చీ పట్టుకుని వచ్చింది. ఆకుపచ్చ రెగ్జిన్ కుర్చీ, ఒక కాలికి టేపు చుట్టి ఉంటుంది. మా వీధి లాండ్రీ షాపు మీది గదుల్లో అద్దెకు దిగింది.

మంచు పడితే మా వీధుల్లో ఎవరి కారు చోటు వాళ్లు తోడుకుని, పనికి పోయేటప్పుడు అక్కడో కుర్చీ వేసి పోతారు. మంచు కరిగేదాకా ఆ చోటు తోడినవాళ్లది. ఇది ఏ చట్టంలోనూ లేదు. అయినా పోలీసు జీపు కూడా ఆ కుర్చీని చుట్టుకుని పోతుంది తప్ప కదపదు. ఒకరోజు వాల్టర్ ట్రక్కు వెనక్కి తీస్తూ బెర్నిస్ కుర్చీని పడేశాడు. దిగి, నిలబెట్టాడు. అంతటితో పోతే అయిపోయేది. పోలేదు. ఆమె బస్సు పని ముగించుకుని కారులో వచ్చేదాకా ఆ కుర్చీ పక్కనే చెవులు ఎర్రబడేలా నిలబడి, "కదిపింది నేనే. కావాలని కాదు" అని చెప్పి అప్పుడు పోయాడు. బెర్నిస్‌కు వాడు నచ్చింది అక్కడే.

రెండేళ్లు కలిసి, బంతి దొర్లించి కర్రలు పడగొట్టే బౌలింగ్ ఆట ఆడారు. పెళ్లి చేసుకుందామన్నాడు. బెర్నిస్ ఒకే షరతు పెట్టింది.

"ఒక మగాడి ఇంట్లో ఒకసారి ఉన్నాను, వాల్టర్. ఇంకోసారి ఉండను. దస్తావేజులో నా పేరు ఎక్కించు, ఆ మర్నాడు చర్చికి వస్తా."

"ఓస్, ఇంతేనా" అన్నాడు వాల్టర్.

ఆ ఇంతేనా విన్న సాయంత్రమే వీధి ఆడవాళ్లు పిండి కలిపారు. మా లోయలో పెళ్లికి కేకు ఎలా ఉన్నా ఎవడూ అడగడు. కుకీల బల్ల ఎంత పొడుగుందన్నదే పెళ్లి. చుట్టాలూ ఇరుగూ పొరుగూ చేసి తెచ్చిన కుకీలు బల్ల మీద గుట్టలుగా ఉండాలి. ఐరీన్ అక్రోటు పొడి కూరిన కుకీలు చేసింది. గస్ పెళ్లాం జామ్ పెట్టినవి చేసింది. పెళ్లి తేదీ వచ్చేదాకా అన్నీ డబ్బాల్లో పెట్టి ఫ్రీజర్లలో దాచారు.

పెళ్లి తేదీ రాలేదు.

ఇళ్ల కాగితాలుండే కౌంటీ ఆఫీసులో గుమాస్తా తెర చూసి, కళ్లద్దాలు సర్దుకుని, "మీ ఇంటి మీద గుడ్‌లాచ్ వాళ్ల నోటీసు నమోదై ఉంది" అన్నాడు. వాల్టర్ నవ్వాడు. ఓహో, ఆ వెర్రివాళ్లా, నేను ఇల్లు అమ్మడం లేదు, మా ఆవిడ పేరు కలుపుతున్నాను అంతే అన్నాడు. గుమాస్తా నవ్వలేదు. ఇల్లు చేతులు మారినా, వాటా రాసిచ్చినా, పేరు కలిపినా అన్నీ అమ్మకం కిందికే వస్తాయని వాళ్ల కాంట్రాక్టులో ఉందట. కంపెనీ చేత అమ్మించలేదు గనక ఇంటి ధరలో నూటికి మూడు చొప్పున వాళ్లకు కట్టాలట. కట్టేదాకా దస్తావేజు కదలదు. నలభై ఏళ్లు. ఈలోగా వాల్టర్ పోతే వాడి వారసుల మెడకు చుట్టుకుంటుంది. అది తీరేనాటికి వాల్టర్‌కు తొంభై ఆరు నిండుతాయి.

వాడు తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. మిల్లులో యూనియన్ పని చేసినప్పటి నుంచీ వీధిలో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా బల్ల మీదే పడేస్తారు.

"డాట్, ట్రక్కు అమ్మి కట్టేస్తా" అన్నాడు.

"కట్టు. రేపు ఐరీన్ కూడా కట్టాలి వాళ్లకి. ఎల్లుండి గస్. వాళ్లూ గీశారు వేళ్లతో."

వెనకాలే వచ్చిన బెర్నిస్ తలుపు దగ్గరే నిలబడి ఉంది. "దొంగకు లంచమిచ్చి ఎక్కించిన పేరు నాకొద్దు. పెళ్లి ఆపు, వాల్టర్" అంది. ఆమె గొంతు లేపలేదు. వాల్టర్ మాత్రం కూర్చున్న చోటే కుంగిపోయాడు.

నేను రాజధానికి ఫోన్లు మొదలుపెట్టాను. అక్కడ అప్పటికే ఒక బిల్లు ఉంది. ఇలాంటి కాంట్రాక్టులు ఏడాది దాటి చెల్లవు, ఇంటి కాగితాల మీద నమోదు చేయకూడదు, వారసులను కట్టేయకూడదు, ఇదివరకు రాయించుకున్నవి కూడా రద్దు. బాగుంది. కరపత్రాలు అచ్చేశాను, నా స్పెల్లింగుకు నలుగురు నవ్వారు, నవ్వినవాళ్ల చేతా సంతకాలు పెట్టించాను. అప్పుడు గుడ్‌లాచ్ లాయరు ప్రూట్ తన స్నేహితుల చేత ఒక సవరణ పెట్టించాడు: చట్టం ఇకముందు రాసేవాటికే వర్తిస్తుంది, పాతవి పాతవే. అంటే ఇంకా మోసపోనివాళ్లకు రక్షణ, మోసపోయినవాళ్లకు సానుభూతి.

కమిటీలో సభ్యులు సగానికి సగం చీలారు. సరిసమానంగా ఓట్లు పడితే సవరణ వీగిపోతుంది. ఎటూ చెప్పకుండా మిగిలినవాడు ఒక్కడే, లెనార్డ్ బుర్డిక్. మాకు రెండు మలుపుల ఎగువ ఊరివాడు. వాడి నాన్న, మా నాన్న ఒకే కొలిమి దగ్గర పనిచేశారు. వాడి ఆఫీసుకు వెళ్లాను.

"చూడు డాట్," అన్నాడు లెనార్డ్, "మీ వాల్టర్‌ను చూస్తే జాలేస్తుంది. కానీ పెద్దమనిషి, సంతకం పెట్టాడు. కాగితం కాగితమే. మనకు నచ్చని కాగితాలన్నీ చింపుకుంటూ పోతే రేపు నీ ఇంటి కాగితం ఎవడో చింపుతాడు."

"అదీ కాగితమేనా? ఉరితాడుకు దస్తావేజు రాసినట్టుంది."

"నువ్వు అరిస్తే నా అభిప్రాయం మారదు."

"నేనింకా అరవలేదు" అని, ఆ తర్వాత అరిచాను. వాడి అభిప్రాయం మారలేదు. సవరణకే ఓటు వేస్తానని తేల్చి చెప్పాడు.

కమిటీ రోజున ఫైర్ స్టేషన్ వ్యానులో బయల్దేరాం. గస్ నడిపాడు. వాల్టర్, బెర్నిస్, నేను, ఐరీన్, ఇంకో నలుగురు. వెనక సీట్ల నిండా కుకీల డబ్బాలు. ఎందుకే ఇవి అంటే ఐరీన్, "ఫ్రీజర్లో మాంసం పెట్టుకోవడానికి చోటు లేదు. పెళ్లివాళ్లు తినకపోతే ప్రభుత్వమైనా తిననీ" అంది. డబ్బాల పక్కన పార, పార పక్కన బెర్నిస్ కుర్చీ. చలికాలం అవి లేకుండా మావాళ్లు పాలకు కూడా వెళ్లరు.

కొండలు దాటి రాజధాని హారిస్‌బర్గ్ చేరేసరికి మంచు బాగా పడి ఉంది. శాసనసభ వెనక బయలులో కార్లు పెట్టే స్థలమంతా తెల్లటి దుప్పటి. మంచు తోసే బండి వచ్చి మధ్య దారి మాత్రం తోసి, ఆ మంచునంతా అంచుల్లో గుట్టలు పోసి పోయింది. బెర్నిస్ మాట్లాడకుండా పార తీసుకుని దిగింది. వాల్టర్ దిగాడు. వాళ్లిద్దరూ వంతులవారీగా తోడుతుంటే చూడటానికి ముచ్చటేసింది, పెళ్లయి పదేళ్లయినవాళ్లలా ఒకరి పనికి ఒకరు వంకలు పెట్టుకుంటున్నారు.

"అంచులు చెక్కవేం?"

"వ్యానుకు తోడుతున్నాం, పెళ్లికూతురికి కాదు."

"పెళ్లికూతురు ఇక్కడే ఉంది, అంచులు చెక్కు."

వ్యాను పట్టేంత చోటు నేల కనపడేదాకా తోడారు. కానీ ఐరీన్ అంత దూరం మంచులో నడవలేదు, డబ్బాలు మోయలేం. అందుకని గస్ ఐరీన్‌నూ డబ్బాలనూ ముందు గుమ్మం దగ్గర దించి వస్తానన్నాడు. వాడు తిరిగి వచ్చేదాకా బెర్నిస్ ఆ చోట్లో తన కుర్చీ వేసింది. మేం లోపలికి నడిచాం.

గస్ తిరిగి రాలేదు. ముందు గుమ్మం దగ్గర కాపలావాళ్లు వ్యానాపి, ఇన్ని డబ్బాలేంటని ఒక్కొక్కటీ తెరిపించారట. తెరిచిన ప్రతి డబ్బాలోంచీ ఒక్కోటి రుచి చూస్తే ఇక తనిఖీ ఎప్పటికి అవుతుంది.

లోపల కమిటీ మొదలైంది. లెనార్డ్ సీటు ఖాళీ. ఇంకా రాలేదు, వస్తాడు అన్నారు. ముందు వాల్టర్‌ను పిలిచారు. పెళ్లికని కొనుక్కున్న సూటే వేసుకున్నాడు పాపం.

"జెలెంకో గారూ," అంది కమిటీ అధ్యక్షురాలు, "మీరు చదవకుండానే సంతకం చేశారా?"

"అవునండి."

"ఎందుకని?"

వాల్టర్ కాసేపు నిజాయితీగా ఆలోచించాడు. "వాళ్లను మోసం చేస్తున్నాను కదండీ. మధ్యలో చదువుతూ కూర్చుంటే వాళ్లకు అనుమానం రాదూ?"

గది గొల్లుమంది. వాల్టర్ కూడా నవ్వాడు. ఆ వెంటనే నవ్వు ఆపేసి, "నాకు డబ్బేమీ వద్దండి. ఈవిడ పేరు రాయనిస్తే చాలు" అని బెర్నిస్ వైపు చూపించాడు. బెర్నిస్ నేల చూసింది.

తర్వాత ప్రూట్ లేచాడు. నున్నగా దువ్విన మనిషి. "మేం ఎవరి ఇల్లూ అడగడం లేదు. ఏనాడైనా అమ్మకం జరిగితే మా వంతు మాకుండాలని ఒక గుర్తు పెట్టుకున్నాం. అంతే. గుర్తు పెట్టుకోవడం నేరమా?" అన్నాడు. చెబుతూ చెబుతూ మాటిమాటికీ లెనార్డ్ ఖాళీ సీటు వైపు చూస్తున్నాడు.

అప్పుడే ఒక కాపలా ఉద్యోగి, బూట్ల నిండా మంచుతో, తలుపు తోసుకుని వచ్చాడు. టోపీ తీసి అడిగాడు.

"ఇక్కడెవరిదైనా ఆకుపచ్చ కుర్చీ ఉందాండి? పద్నాలుగో నంబరు చోట్లో. బుర్డిక్ గారి చోటది. ఆయన దాని ముందు కారాపుకుని నిలబడ్డారు. తీసెయ్యండి సార్ అంటే తీయరు. పోనీ నేను తీస్తానంటే నన్ను తన్నేటట్టున్నారు."

నంబరు పలక గుట్ట పోసిన మంచు కింద ఉండిపోయింది. మాకు తెలియలేదు. తెలిసిన క్షణం మాత్రం నా కడుపులో పండగైంది. వాడు బయట ఉన్నంతసేపూ ఓట్లు సమానం. సమానమైతే సవరణ చచ్చింది. అధ్యక్షురాలు గడియారం చూసి, కొద్దిసేపు చూసి ఓటుకు పెడతానంది.

బెర్నిస్ లేచింది. ఆమె కోటు అంచు పట్టుకుని లాగాను.

"కూర్చో."

"అది నా కుర్చీ, డాట్."

"నీ కుర్చీయే. నిన్ను గెలిపిస్తోంది. కూర్చో."

"చోటు కోసం వేశాను. మనిషిని ఆపడానికి కాదు."

"వాడు వచ్చి సవరణకు ఓటేస్తాడే తల్లీ. నీ పెళ్లి నలభై ఏళ్లు వెనక్కి పోతుంది."

"పోనీ" అంది. నా చేతిలోంచి కోటు విడిపించుకుంది. వాల్టర్ ఆమె వెంట లేచాడు. ఇద్దరికీ బుద్ధి లేదు. వాళ్లను ఆపడానికి నేనూ వెళ్లాను.

బయట లెనార్డ్ చేతులు జేబుల్లో కుక్కుకుని కుర్చీ ముందు నిలబడి ఉన్నాడు. వెనక కారు గుర్రుమంటోంది. చెవులు ఎర్రగా కందిపోయాయి. నన్ను చూడగానే అర్థం చేసుకున్నాడు.

"నీ పనేనా, డాట్?"

"నాకంత తెలివే ఉంటే నువ్వెప్పుడో ఓడిపోయేవాడివి."

"నాది" అంది బెర్నిస్. "మీ చోటని తెలియలేదండి. పలక కనపడలేదు."

లెనార్డ్ నేల వైపు చూశాడు. నున్నగా, చదరంగా, అంచులు కూడా చెక్కి ఉంది. "నువ్వే తోడావా?"

"మేమిద్దరం."

"బాగా తోడారు" అన్నాడు అయిష్టంగా.

నాకు ఓపిక చచ్చింది. "లెనార్డ్, పలక మీద నీ నంబరుంది. కాగితం మీద ఈ చోటు నీది. ఆ కుర్చీ అవతల పారేసి కారు పెట్టుకో. ఎవడొద్దన్నాడు?"

"నోర్ముయ్ డాట్."

"కాగితం కాగితమే అన్నావుగా."

"నోర్ముయ్ అన్నానా." వాడి ముఖం చెవుల రంగుకు వచ్చింది. "మా అమ్మ చూస్తే ఏమంటుంది? ఇంకొకళ్లు తోడిన చోట్లో..." మాట పూర్తి చేయలేదు.

బెర్నిస్ కుర్చీ తీయడానికి వంగబోతోంది. అంతలో ప్రూట్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. కోటు కూడా వేసుకోలేదు, నున్నటి బూట్లు మంచులో జారుతున్నాయి. తన ఓటు బయట గడ్డకడుతోందని ఆదుర్దా.

"బుర్డిక్ గారూ, మీకోసమే ఆగారు. ఒక్క క్షణం, నేను చూసుకుంటా" అని, ఎవరూ నోరు తెరిచేలోగా బెర్నిస్ కుర్చీని రెండు చేతులా ఎత్తి మంచుగుట్ట మీదికి విసిరాడు. టేపు చుట్టిన కాలు టప్‌మని ఊడింది.

వాల్టర్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. నలభై ఏళ్లు ఆ వీధిలో బతికాను, ఒకడు ఇంకొకరి కుర్చీని ఎత్తి విసరడం నేను చూడలేదు. బద్ధ శత్రువులు కూడా చేయరు. భార్యను లేవదీసుకుపోయినవాడి కుర్చీని కూడా ఆ మొగుడు చుట్టుకుని పోవడం చూశాను.

ప్రూట్ చేతులు దులుపుకున్నాడు. "రండి సార్, మీ చోటు ఖాళీ."

"అది తీసుకొచ్చి ఉన్నచోట పెట్టు" అన్నాడు లెనార్డ్.

"సార్?"

"పెట్టు."

"సార్, ఈ చోటు మీది. రాతపూర్వకంగా, ఏ అనుమానమూ లేకుండా మీది."

"ఇది తోడిందెవరు?"

ప్రూట్ మా ముఖాలు చూశాడు, నేల చూశాడు, మళ్లీ లెనార్డ్‌ను చూశాడు. నిజంగానే అర్థం కాలేదు వాడికి. "అదెందుకు సార్ ఇప్పుడు?"

లెనార్డ్ నా వైపు తిరిగాడు. అన్నేళ్ల పరిచయంలో నేను నోరు మూసుకున్నది అప్పుడొక్కసారే. అరవాల్సిన అవసరం లేకపోయింది.

లెనార్డే గుట్టెక్కి కుర్చీ దించాడు. ఊడిన కాలు వెతికి, దాన్నీ తెచ్చి, బెర్నిస్ చేతికిచ్చాడు.

"కారు పెట్టుకోండి" అంది బెర్నిస్. "నేనే ఇస్తున్నా."

"మంచు కరగలేదుగా" అన్నాడు లెనార్డ్. కారును దారి మధ్యలో, దీపాలు టపటప కొట్టుకుంటుంటే అలాగే వదిలేసి లోపలికి నడిచాడు.

సవరణ ఓటుకు వచ్చింది. లెనార్డ్ వంతు రాగానే అధ్యక్షురాలు ఏమైనా మాట్లాడతారా అని అడిగింది. లేచాడు. "ఆ కంపెనీ వీళ్ల ఇళ్ల ముందు ఒక్క పార మంచు కూడా తీయలేదు" అన్నాడు. "సవరణకు వ్యతిరేకం." కూర్చున్నాడు. గదిలో సగంమందికి తలా తోకా అర్థం కాలేదు. కుకీల డబ్బాలతో అప్పుడే లోపలికి వచ్చిన ఐరీన్‌కు మాత్రం వెంటనే అర్థమై, డబ్బాలు పక్కన పెట్టి చప్పట్లు కొట్టింది. మమ్మల్నందరినీ నిశ్శబ్దంగా ఉండమన్నారు. మేము ఉండలేదు.

బయటికి వచ్చేసరికి లెనార్డ్ కారు లేదు. దారికి అడ్డమని క్రేను బండి లాక్కుపోయింది. ఆ రోజు విడిపించడం కుదరదన్నారు. చచ్చినట్టు మా వ్యానెక్కాడు. కొండల మీదుగా ఇంటిదాకా నా పక్క సీటే వాడికి దొరికింది.

"ఒక్క మాట మాట్లాడావంటే దిగి నడుస్తా" అన్నాడు.

"నేనేం అనలేదే. కుకీ తిను."

తిన్నాడు. అక్రోటువి తిన్నాడు, జామ్‌వి తిన్నాడు, రెండో సొరంగం దాటేసరికి పెళ్లి డబ్బా ఒకటి ఖాళీ చేశాడు. ఐరీన్ వెనక నుంచి, "ఓటుకు లంచం తీసుకున్నావని రాస్తాను పేపరుకు" అని బెదిరించింది. వాడు చెయ్యి చాచి, "అయితే ఇంకోటివ్వు" అన్నాడు. ముందు సీట్లో వాల్టర్ విరిగిన కుర్చీ ఒళ్లో పెట్టుకుని, కాలును దాని చోట్లో ఆనించి చూస్తున్నాడు. బెర్నిస్ వాడి భుజం మీద నిద్రపోయింది.

బిల్లు రెండు సభలూ దాటింది, గవర్నరు సంతకం అయింది. ప్రూట్ కంపెనీ ఊరికే ఉండలేదు. కోర్టుకు పోతామని ఉత్తరాలు పంపింది. మేమూ ఉత్తరాలు పంపాం. నావి పొడుగ్గా ఉంటాయి. వసంతంలో కౌంటీ గుమాస్తా మా వీధి ఇళ్ల మీది నోటీసులన్నీ రద్దు కొట్టాడు. అదే చేత్తో వాల్టర్ దస్తావేజులో బెర్నిస్ పేరు ఎక్కించాడు. ఆమె ఆ పేరును వేలు పెట్టి, అక్షరం అక్షరం చదివింది. వాల్టర్ కూడా చదివాడు, మొదటి నుంచి చివరిదాకా, గుమాస్తాకు భోజనం వేళ దాటిపోయేలా.

ఆ శనివారమే పెళ్లి. తినగా మిగిలి, మళ్లీ ఫ్రీజర్లో దాచిన కుకీలు కొంచెం మంచు వాసన వేశాయి. ఎవరూ ఏమీ అనలేదు. బల్ల మాత్రం హాలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉంది. లెనార్డ్ పెళ్లాంతో వచ్చి నిమ్మకాయవి రెండు పళ్లేలు పెట్టాడు.

మళ్లీ చలికాలం వచ్చింది. మొదటి మంచు పడిన పొద్దున నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నా. వాల్టర్ తన చోటు తోడుకున్నాడు. అంచులు కూడా చెక్కాడు. ఇంటి వైపు తిరిగి కేకేశాడు.

"కుర్చీ ఏదే?"

"వంటింట్లో ఉంది" అని లోపలి నుంచి బెర్నిస్ గొంతు.

"ఇటివ్వు. పనికి పోవాలి."

"ఇవ్వను. అది ఇంక వీధిలోకి రాదు. ఇంటి కుర్చీ అది."

"మరి నా చోటు?"

తలుపు తెరుచుకుంది. ఇస్త్రీ బల్ల ఒకటి బయటికి వచ్చింది. వాల్టర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కాళ్లు విప్పి, తోడిన చోటు మధ్యలో నిలబెట్టాడు. పూల గుడ్డ తొడిగిన ఇస్త్రీ బల్ల, మంచులో, మేక పిల్లలా నిలబడింది. వాడు పనికి వెళ్లిపోయాడు. కాసేపటికి పోలీసు జీపు వచ్చింది. ఆగింది. లోపలివాడు ఇస్త్రీ బల్లను పైనుంచి కిందిదాకా చూశాడు. తర్వాత నెమ్మదిగా చుట్టుకుని వెళ్లిపోయాడు.